సబ్బు నురగలో ఒక కన్ను

గాజు ఫ్యాక్టరీ సమ్మె మొదలైన వారమే ఆ చైనా చిత్రకారుడి బొమ్మ మా మ్యూజియానికి వచ్చింది. పెట్టె గుమ్మంలో పట్టకపోతే తలుపు రెక్కలు ఊడదీసి లోపలికి మోసుకొచ్చారు. తీరా ఎక్కించాక చూస్తే పై అంతస్తు గదిలో ఒక గోడంతా అదే.

ఆ గదిలో స్టూలు మీద కూర్చోవడం నా ఉద్యోగం. "ముట్టుకోకండి", "వెనక్కి జరగండి", "బాత్రూమ్ కింద, ఎడమవైపు". పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట్లోంచి వచ్చే మాటలు ఇంతే. మిగతా సమయమంతా ఎదురుగా ఉన్నదాన్ని చూడటమే. ఆ వేసవిలో ఆ బొమ్మను నా అంత ఎక్కువగా చూసినవాళ్ళు, గీసినాయనను మినహాయిస్తే, ఇంకెవరూ ఉండరు.

బొమ్మ పేరు 'షిఫ్టు అయ్యాక'. గీసినాయన ఇంకా బతికే ఉన్నాడని, వాళ్ళ నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేశాడని పక్కన అట్ట మీద రాసి పెట్టారు. పొడవాటి సిమెంటు తొట్టి. దాని వెంబడి బనియన్లతో కొందరు, నడుం దాకా ఏమీ లేకుండా కొందరు, మగవాళ్ళు వంగి ముఖాలు కడుక్కుంటున్నారు. ఎర్రపూలు వేసిన ఎనామిల్ బేసిన్లు, మెడల మీద తువ్వాళ్ళు, పైన ఆవిరి. రంగులు కూడా పెద్దగా వాడలేదు. బూడిద రంగు, మురికి నీళ్ళలో కలిసిన ఆకుపచ్చ, వేడికి కందిన వీపులు. అందరి ముఖాల మీదా సబ్బు నురగే. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. కుడిచివర ఒక్కడు మాత్రం నురగలోంచి ఒక కన్ను తెరిచి ఉంచాడు.

ఆ కన్ను అందరికీ వెంటనే కనపడదు. కనపడ్డాక ఇక దాన్ని వదిలి వెళ్ళలేరు. "సబ్బు మండి తెరిచాడు" అన్నదొకావిడ. "పక్కవాడి వాచీ మీద పడింది వాడి కన్ను" అన్నాడు ఒక పెద్దమనిషి. "నేనైతే ఏమీ చెప్పను, నువ్వూ చెప్పకు, ఎవరికి తోచింది వాళ్ళని అనుకోనీ" అంది మా క్యూరేటరమ్మ. నాకు చెప్పడానికేం తెలుసు గనక.

ఇంట్లో నా భర్త, అత్తమ్మ, నేను, మా తమ్ముడు. మగవాళ్ళిద్దరూ గాజు ఫ్యాక్టరీలోనే. తమ్ముడు అద్దాలు కోసే సెక్షను. మా ఆయన ఫర్నేసు మేస్త్రీ, పైగా యూనియన్ కార్యదర్శి.

గాజు ఫ్యాక్టరీ సమ్మెకు ఒక పద్ధతుంది. బట్టల మిల్లువాళ్ళు మిషన్లు ఎక్కడివక్కడ వదిలేసి బయటికి వచ్చేయొచ్చు. ఫర్నేసును అలా వదలడానికి లేదు. మంట ఆగితే లోపల కరిగిన గాజంతా రాయిలా గడ్డకడుతుంది, చుట్టూ ఇటుకలు పగులుతాయి. మళ్ళీ వెలిగించడమంటే కొత్త ఫర్నేసు కట్టుకోవడమే. అందుకని ఏ సమ్మెలోనైనా కార్మికులే వంతులు వేసుకుని లోపలికి వెళ్ళి, జీతం లేకుండా మంటను కాపాడేవాళ్ళు. దాన్ని నిప్పు డ్యూటీ అనేవాళ్ళు. యాజమాన్యంతో ఎన్ని తిట్లు తిట్టుకున్నా నిప్పు డ్యూటీ వాళ్ళకు గేటు తెరుచుకునేది. ఆ డ్యూటీ మా ఆయన చేతి మీదుగా నడిచేది.

వేసవి సగంలో కమిటీ మా ఇంట్లో కూర్చుంది. యూనియన్ ప్రెసిడెంటును అందరూ 'మైకు' అంటారు. ఆయనకు సభల్లో మైకు అక్కర్లేదు. రహస్యం చెప్పినా వీధి చివర కుక్క తలెత్తి చూస్తుంది.

"సోమవారం పొద్దున," అన్నాడు మైకు, వంటగది తలుపు మూసుకుని. "షిఫ్టు మారేటప్పుడు నిప్పు డ్యూటీ వాళ్ళు బర్నర్లు కట్టేసి బయటికి వచ్చేయాలి."

ముందు గదిలో నేను, అత్తమ్మ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గోడ పక్కన పడుకున్న తమ్ముడు దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"చల్లారిస్తే మళ్ళీ వెలగదన్నా," అన్నాడు మా ఆయన.

"వాళ్ళ భయమూ అదేగా. మనకి కావలసిందీ అదే."

"వాళ్ళకి ఇంకో ఫ్యాక్టరీ ఉంటుంది. మనకి ఇంకో ఫర్నేసు లేదు."

"నువ్వేంటయ్యా, పెళ్ళాన్ని గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు."

"పెళ్ళాం గురించి ఇంత బాధపడితే నేనేదో అనుకునేదాన్ని," అంది అత్తమ్మ నాకు మాత్రమే వినపడేలా.

చేతులెత్తమన్నారు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మైకు గొంతు: "సరే. అందరూ ఒప్పుకున్నట్టే." అంటే మా ఆయనా చెయ్యెత్తాడన్నమాట.

సోమవారం పొద్దున నిప్పు డ్యూటీ వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి కంపెనీ కాపలావాళ్ళు బర్నర్ల ముందు ఇనపరాడ్లు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ముందే ఎవరో చెప్పేశారు. తోపులాటలో ఫర్నేసు తాత ఇనప మెట్ల మీంచి వెనక్కి పడ్డాడు. కార్మికుల్లో అందరికంటే పెద్దవాడు ఆయనే. నా భర్తకు మంట రంగు చూసి వేడి చెప్పడం నేర్పింది ఆయనే. ఆస్పత్రికి చేరేదాకా కూడా ఊపిరి నిలవలేదు.

తాతను మోసినవాళ్ళలో మా ఆయన ముందున్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి, దాని మీద మరకలు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. తనే ఉతుక్కున్నాడు.

ఫర్నేసు మండుతూనే ఉంది. ఇప్పుడు కంపెనీ మనుషులే దాన్ని చూసుకుంటున్నారు. సమ్మె చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం పోయింది. ఇక కాలనీలో ఎక్కడ నలుగురు నిలబడినా ఒకటే ప్రశ్న: చెప్పిందెవరు?

వారం తిరగకముందే మైకు మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నీ బామ్మర్ది కంపెనీ ఇంజనీరు బంగళాలోంచి బయటికొస్తుంటే చూసినవాళ్ళున్నారు," అన్నాడు మా ఆయనతో. "శనివారం. సోమవారానికి ముందు శనివారం."

తమ్ముడు పళ్ళెం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"ఎందుకెళ్ళావురా?" అన్నాడు మైకు.

"ఊరికే."

"ఊరికేనా? ఇంజనీరేమన్నా మీ మేనమామా?"

  నేను మా ఆయన వైపు చూశాను. బావమరిది గురించి ఒక్క మాట, 'వాడు అలాంటివాడు కాదన్నా' అని, అంటాడేమోనని. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"ఆదివారం యూనియన్ హాల్లో విచారణ," అన్నాడు మైకు. మొదటిసారి ఆయన గొంతు తగ్గడం విన్నాను. "వస్తే వాడు చెప్పేది వింటాం. రాకపోతే వాడేనని అర్థం. తాతను చంపినవాడి చెయ్యి ఇక ఏ పనిముట్టూ పట్టదు. అంతవరకు తాత కొడుక్కి నేను మాట ఇచ్చేశాను."

ఆయన వెళ్ళాక తమ్ముణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళాను.

"నిజం చెప్పరా."

"చెప్తే నవ్వుతావు."

"నవ్వే మొహంలా కనపడుతోందా నాది?"

"అద్దం బిగించి వచ్చానక్కా," అన్నాడు. "వాళ్ళ ముందు గది కిటికీ అద్దం. మనవాళ్ళే రాయేసి పగలగొట్టారుగా. పనిమనిషి వచ్చి అడిగింది. చేతులు ఊరుకోవడంలేదు నాకు, ఖాళీగా కూర్చుని కూర్చుని. సమ్మెలో ఉండి ఇంజనీరు ఇంటికి పనిచేశానని ఎలా చెప్పను? పైగా ఆ రాయేసింది నేనే."

నవ్వొచ్చింది. నవ్వలేకపోయాను. ఆ మాట హాల్లో చెబితే నమ్మేవాళ్ళెవరు?

ఆ సాయంత్రమే వాణ్ణి మ్యూజియానికి తీసుకెళ్ళాను. కింద స్టోరులో ఆ చైనా బొమ్మా, దాంతోపాటు మిగతా బొమ్మలూ వచ్చిన చెక్కపెట్టెలు ఖాళీగా నిలబెట్టి ఉంటాయి. తాళం నా దగ్గరే ఉంటుంది. అన్నింటికంటే పెద్ద పెట్టె వెనక పరుపు వేశాను. వాడెక్కడున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఎందుకు చెప్పలేదో అప్పటికి నాకూ తెలియదు.

బుధవారాలు మ్యూజియంలో సిబ్బంది కుటుంబాలకు టికెట్టు ఉండదు. ఎండ మండిపోతోంది. పనిలేదు. అత్తమ్మ చల్లగా కూర్చోవచ్చని కొడుకును వెంటేసుకుని వచ్చింది. వాళ్ళు బొమ్మ ముందు నిలబడ్డప్పుడు సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింది అంతస్తులో తమ్ముడు పెట్టె వెనక పడుకుని ఉన్నాడు. నేను స్టూలు మీద ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

"ఇంతమంది మగాళ్ళు ఒకేసారి మొహాలు కడుక్కోవడం నా జన్మలో చూడలేదు," అంది అత్తమ్మ. "వీడొక్కడి చేత కడిగించడానికే నా గొంతు పోయింది."

మా ఆయన నవ్వలేదు. బొమ్మను ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూసుకుంటూ వెళ్ళాడు. షిఫ్టు అయ్యాక కడుక్కోవడానికి మా ఫ్యాక్టరీలోనూ అలాంటి తొట్టే ఉంది. చివరికొచ్చి ఆగిపోయాడు.

అత్తమ్మ వెనకే వచ్చి కళ్ళు చికిలించింది. "వీడెవడ్రా, కన్ను తెరిచాడు? ఏం చూస్తున్నాడు?"

"ఏం చూడటం లేదమ్మా."

"మరి?"

"తనను ఎవరన్నా చూస్తున్నారేమోనని చూస్తున్నాడు," అన్నాడు.

 తర్వాత మంచినీళ్ళెక్కడని నన్నడిగి, నేను చెప్పేలోపే కిందికి దిగి వెళ్ళిపోయాడు.

"వీడికి బొమ్మలు కూడా అర్థమవుతున్నాయే," అంది అత్తమ్మ మురిసిపోతూ.

నెల రోజులుగా ఆ కన్ను గురించి ఎందరో ఎన్నో చెప్పగా విన్నాను. దొంగన్నారు, కూతురి పెళ్ళి గురించి ఆలోచిస్తున్నాడన్నారు. వాళ్ళంతా బయట నిలబడి వాడి వైపు చూసి చెప్పినవాళ్ళు. ఈయన వాడి లోపల నిలబడి చెప్పాడు.  అప్పుడే ఇంకొకటి కూడా తట్టింది. కాలనీలో పసిపిల్లలు కూడా అడుగుతున్న ప్రశ్న, చెప్పిందెవరన్నది, మా ఆయన ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.

ఒక మాట పట్టుకుని కట్టుకున్న భర్తను బోనులో నిలబెట్టలేను. ఆదివారం మాత్రం ఆగదు. అందుకని మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే వెనకనుంచి చెప్పాను.

"వాడేదో పిచ్చిపని చేసేలా ఉన్నాడండీ."

"ఎవరు?"

"మీ బామ్మర్ది. కబురు పంపించాడు. రేపు మధ్యాహ్నం కాపలావాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు వెనక గోడ అవతల గ్యాస్ వాల్వు గదిలోకి దూరతాడట. వాల్వు కట్టేస్తే ఫర్నేసు అదే చల్లారుతుంది, అప్పుడన్నా నన్ను నమ్ముతారు అంటాడు."

బ్లేడు చెంప మీద ఆగింది.

"ఎవరెవరు వెళ్తున్నారు?"

"ఒక్కడే."

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"మీకు కాక ఎవరికి చెప్తాను?"

"చెప్పకు," అన్నాడు. అద్దంలో నావైపు చూడకుండా మిగతా గడ్డం గీసుకున్నాడు. "నేను చూసుకుంటాను. వాడికి నచ్చజెప్తాను."

వాడెక్కడున్నాడని అడగలేదు. నచ్చజెప్పేవాడైతే ముందు ఆ మాటే అడగాలి.

శుక్రవారం సెలవు పెట్టాను. వాల్వు గదికి ఎదురుగా, రోడ్డుకు ఇటువైపు బస్టాపు ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చే బస్సునూ పోయే బస్సునూ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాకూడదని ఎంతగా కోరుకున్నానో. పెళ్ళిచూపుల్లో కూడా నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

మధ్యాహ్నానికి కంపెనీ వ్యాను వచ్చింది. కాపలావాళ్ళు దిగారు. భోజనం క్యారియర్లు లేవు, రాడ్లున్నాయి. తాళం తీసి లోపలికి వెళ్ళి తలుపు చేరవేసుకున్నారు. వ్యాను చప్పుడు లేకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ చీకటి గదిలో వాళ్ళు కాచుకుని ఉన్నది నా తమ్ముడి కోసం. ఆ తలుపు తీసుకుని వచ్చేది తన బావమరిదేనని తెలిసే ఆయన వాళ్ళకు చెప్పాడు.

కాసేపటికి ఆయన కూడా కనపడ్డాడు. గోడ మలుపులో, ఆగి ఉన్న లారీ పక్కన. వాల్వు గది వైపు చూడటం లేదు. మేడల కిటికీలు చూశాడు. లారీ కింద చూశాడు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. చివరికి బస్టాపు చూశాడు.

నేను లేవలేదు. ఆయన కదలలేదు. మా మధ్యకు ఒక బస్సు వచ్చి ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కండక్టరు నన్ను "వస్తారా అమ్మా" అని అడిగాడు. రానన్నాను. బస్సు వెళ్ళిపోయాక చూస్తే ఆయన అక్కడే ఉన్నాడు.

ఇంటికి నేనే ముందు చేరాను. అత్తమ్మ వంటగదిలో గిన్నెలు తోముతోంది. ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు.

"వాడు రాడన్నమాట," అన్నాడు.

"రాడు."

"మంచిదే."

"వస్తే ఏం చేసేవాళ్ళు?"

"పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళు. ఒంటి మీద చెయ్యి పడకూడదని మాట తీసుకున్నాను."

"మొదటిసారి కూడా అదే మాట తీసుకున్నారా?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"బర్నర్లు కట్టేయనివ్వకుండా అడ్డం నిలబడతామన్నారు. అంతే అన్నారు," అన్నాడు. "తాత అంత ముందుకు వెళ్తాడనుకోలేదు. ఆయన ముసలాడు, వెనక ఉంటాడనుకున్నాను." విప్పిన చెప్పులు పక్కకు జరిపాడు. "నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు ఫర్నేసు లోపల. నేను పుట్టకముందు నుంచి వెలుగుతోంది అది. మా నాన్న చూశాడు దాన్ని, తాత చూశాడు. ఈ సమ్మె పోతే ఇంకో సమ్మె వస్తుంది. మైకు పోతే ఇంకో మైకు వస్తాడు. అది చల్లారితే ఈ కాలనీ మొత్తం ఏం తింటుంది? ఆ మాట ఎవడూ వినలేదు. చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఇంకేం చేయను?"

"వాళ్ళేమిస్తామన్నారు?"

"ఏమీ అడగలేదు." ఆ మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. డబ్బు తీసుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

"ఎల్లుండి తమ్ముణ్ణి హాల్లో నిలబెడతారు," అన్నాను.

"ఊరు దాటించేద్దాం. రేపు పొద్దున బస్సెక్కిస్తాను."

"పారిపోతే వాడేనని ఒప్పుకున్నట్టే."

"పోనీ ఒప్పుకున్నట్టే. చేతులుంటాయిగా వాడికి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఎక్కడైనా బతుకుతాడు. నేనెక్కడికి పోను?"

"తాతను చంపినవాడన్న పేరుతో బతుకుతాడు. మీ పేరుతో."

ఆయన తల వంచుకున్నాడు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

 వంటగది గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది, చేతుల నిండా సబ్బుతో. వేళాకోళం లేకుండా ఆమె మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

"నీకు తమ్ముడు ఒక్కడేనమ్మా," అంది. "నాకూ వీడొక్కడే."

 ఆమె చేతుల్లోంచి నీళ్ళు గుమ్మం మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తుడవడానికి గుడ్డ తెచ్చాను. ఆమె కాళ్ళ దగ్గర వంగి తుడుస్తుంటే ఆమె వెనక్కి జరిగింది.

ఆదివారం పొద్దున్నే తమ్ముణ్ణి స్టోరులోంచి బయటికి తీసుకొచ్చాను. జుట్టులో చెక్కపొట్టు. దారిలో తెలిసిందంతా చెప్పాను. వాడు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు.

"వాల్వు గదికి నేను వస్తానని చెప్పావా?"

"రావని తెలిసే చెప్పాను."

"బావకు తెలీదుగా రానని," అన్నాడు. ఆ తర్వాత హాలు చేరేదాకా నాకంటే రెండడుగులు ముందే నడిచాడు.

హాలు నిండిపోయింది. కిటికీల్లో కూడా మనుషులు. ఆడవాళ్ళు విచారణలకు రారు. నేనూ అత్తమ్మా వెనక గోడకు ఆనుకుని నిలబడితే ఎవరూ వెళ్ళమనలేదు. వేదిక మీద మైకు పక్కన కార్యదర్శి కుర్చీ. అందులో మా ఆయన, గడ్డం నున్నగా గీసుకుని, ఉతికిన చొక్కాతో.

"ఇంజనీరు ఇంటికి ఎందుకెళ్ళావు?" అన్నాడు మైకు.

"అద్దం బిగించడానికి."

ఎవరో పకపకా నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు. ముందు వరసలో తాత కొడుకు కూర్చుని ఉన్నాడు. వాడు తమ్ముడి చేతులకేసి చూస్తున్నాడు.

"ఇంకేమన్నా చెప్పేదుందా?"

తమ్ముడు తలతిప్పి నావైపు చూశాడు, బావ వైపు కాదు. నేను గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. విడిపించుకోలేదు, అలాగే ఇంకో అడుగు వేశాను. ఆమె కూడా నాతో ఒక అడుగు వచ్చింది.

అది వేదిక మీంచి ఆయనకు కనపడింది.

"వాణ్ణి కూర్చోనివ్వన్నా," అన్నాడు మా ఆయన. కుర్చీలోంచి లేచి, దాన్ని బల్ల కిందికి సరిగ్గా జరిపి పెట్టాడు. "చెప్పింది నేను."

 ఫ్యాను రెక్కలు తిరగడం వినపడింది. మైకు ఏదో అన్నాడు, ఆయన మాట వెనక గోడదాకా రాలేదు. చివరికి తాత కొడుకు లేచాడు.

"వాణ్ణీ, ఆడవాళ్ళనూ బయటికి పంపించండి," అన్నాడు.

తలుపులు మూశారు. అత్తమ్మ, నేను, తమ్ముడు బయట మెట్ల మీద కూర్చున్నాం. లోపలి నుంచి అరుపులు వస్తాయనుకున్నాను. రాలేదు. బల్ల ఈడ్చిన చప్పుడొకటి వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. అత్తమ్మ పెదవులు కదుపుతూ కూర్చుంది. ప్రార్థనో తిట్లో తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. ఆయన తన కాళ్ళ మీదే నడిచొచ్చాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పొట్టకు ఆనించుకుని ఉన్నాడు, ఏదో పగిలే వస్తువు తెస్తున్నట్టు. ముఖం సున్నం కొట్టినట్టుంది. అత్తమ్మ ఆ చేతిని చూసింది. తన తువ్వాలు తీసి మారుమాట లేకుండా చుట్టింది.

"ఇంటికి పదండి," అన్నాడాయన.

నలుగురం కాలనీ మధ్యలోంచి నడిచాం. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు మమ్మల్ని చూసి ఒక్కొక్కరే లోపలికి తిరిగారు. తమ్ముడు మా వెనక, కాస్త ఎడంగా. ఇంటి దగ్గర లోపలికి రాలేదు. బట్టల సంచి గుమ్మంలోనే అందుకున్నాడు.

"నీ తప్పేం లేదక్కా," అన్నాడు. "కానీ ఈ ఇంట్లో నేను తినలేను." మళ్ళీ ఎప్పుడొస్తాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

సోమవారం నేను డ్యూటీకి వెళ్ళాను. ఇంట్లో ఇక నా జీతమొక్కటే. పిల్లను ఎత్తుకున్న ఒకావిడ బొమ్మ చివరిదాకా వచ్చి, "ఏమండీ, ఇతనేం చూస్తున్నాడు?" అని నన్నే అడిగింది. తెలియదన్నాను. వెనక్కి జరగమన్నాను. ఎండలు తగ్గేలోపే దాన్ని గోడ మీంచి దించి, అదే పెద్ద పెట్టెలో పెట్టి మేకులు కొట్టి పంపించేశారు.

సమ్మె ఓడిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. ఒక్కొక్కరే గేటు దగ్గరికి వెళ్ళి పేరు రాయించుకున్నారు. మా ఆయన మంచం దిగలేదు. చెయ్యి చీము పట్టింది. డాక్టరు వేళ్ళు ఇక ముడుచుకోవన్నాడు. జ్వరం వచ్చి పోతూ ఉండేది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తాత కొడుకును ఒక్క మాట అనలేదు, నన్నూ అనలేదు. పొద్దున్నే మాత్రం ఒకటి అడిగేవాడు.

"పొగ వస్తోందా?"

మా కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ గొట్టం కనపడుతుంది.

"వస్తోంది," అనేదాన్ని. దాంతో కళ్ళు మూసుకునేవాడు.

హాలు నుంచి వచ్చిన రోజు మొదలు అత్తమ్మ నాతో మాట్లాడలేదు. పళ్ళెం నా ముందు పెట్టేది, తీసేది. నేనుంటే గది మారేది. వేళాకోళాలు పూర్తిగా పోయాయి. ఒకప్పుడు ఆ నోటికి భయపడేదాన్ని, ఇప్పుడు ఇల్లంతా ఆ నోరు లేక భయం వేసేది.

వానలు పడేముందు గేటుకు నోటీసు అంటించారు. ఫ్యాక్టరీ గిట్టుబాటు కావడం లేదట. స్థలం అమ్మేస్తున్నారట. ఫర్నేసు ఆపేస్తున్నారట. వీధిలో ఆ వార్త విని నేను సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు.

తర్వాత రెండు మూడు పొద్దులు గడిచాయి. ఒకరోజు లేచి కిటికీ తీస్తే గొట్టం మీద ఏమీ లేదు. ఆకాశం ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆ చోట ఆకాశం అంత నీలంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"పొగ వస్తోందా?" అన్నాడు గోడవైపు నుంచి.

నోరు తెరిచాను.  హాల్లో అందరి ముందూ నిజం చెప్పడానికి అడుగులు వేసిన దాన్ని, ఈ చిన్న గదిలో ఒక్క అబద్ధం పలకలేకపోయాను.

"వస్తోందా అని అడిగాను."

వెనక అడుగుల చప్పుడు. అత్తమ్మ వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. గొట్టాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"బాగా వస్తోందిరా," అంది. "ఇవాళ ఎక్కువే వస్తోంది." తర్వాత నావైపు తిరిగింది. "కిటికీ ముయ్యవే. కళ్ళు మండుతున్నాయి."

మూసేశాను.